జములమ్మ మెదడులో మొదటి తప్పు మడత

మెదడులో ప్రొటీన్ మడత తప్పడం ఒక వరం. కాదనేవాళ్లు ముందుకు రండి!

పని చేయాలంటే ప్రతి ప్రొటీన్ తనకు చెప్పిన తీరుగానే మడతపడాలట. ఎంత విసుగు! ఒకరోజు ఒకటి అడ్డదిడ్డంగా మడతపడుతుంది. ఆ మొదటిది ఎందుకు తప్పుతుందో శాస్త్రవేత్తలకే పూర్తిగా అంతుపట్టలేదు. అది ఊరుకుంటుందా? పక్కదాన్ని తాకి తన దారికి తెస్తుంది. అది ఇంకోదాన్ని. మీటింగ్ లేదు, బిర్యానీ ప్యాకెట్ లేదు. ఇంత ఐకమత్యం మన జిల్లాలో ఏ పార్టీలోనైనా చూశారా?

ఇలాంటి చెత్తను ఎత్తిపోసే ఏర్పాటు కణంలోనూ ఉంటుందట. వయసు మీదపడితే అదీ మా వీధి చెత్తబండిలాగే బద్ధకిస్తుంది. కుప్పలు పేరుకుంటాయి. పదిహేనేళ్లయినా ఇంట్లోవాళ్లకు వాసన కూడా రాదు.

నా భార్య జములమ్మ గద్వాలలో ఒక చీరల దుకాణంలో ముప్పై ఏళ్లు చీరలు మడతపెట్టింది. ఇప్పుడు ఆమెకు ఈ వరం దక్కింది. లాభాలు చూడండి! ఒకే సీరియల్ ఎపిసోడ్ మూడుసార్లు కొత్తగా చూస్తుంది. ఆడబిడ్డతో పన్నెండేళ్ల పగ మరిచిపోయి, మొన్న ఆమెకు చాయ్ ఇచ్చి కూర్చోబెట్టింది. పొద్దున నా మీద వచ్చిన కోపం మధ్యాహ్నానికి ఉండదు. ఏ మొగుడికి దక్కింది ఈ భాగ్యం?

నాలుగేళ్ల కింద ఒక సాయంత్రం దుకాణం నుంచి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఏమయ్యా, చీర మడతపెట్టనీకి చేతులు ఆడతలేవు. ఎట్ల పెట్టాల్నో యాదికొస్తలేదు. జర దవాఖానకు పోదామా?"

"వయసైతుంది, గంతే" అన్నాను. పేపర్‌లోంచి తల ఎత్తలేదు.

మర్నాడు పక్కింటి రామచంద్రయ్య కూడా వయసే అన్నాడు. మాటల్లేని ఆడబిడ్డ కూడా నాతో వయసే అంది. వీధి చివర ఆర్‌ఎంపీ వయసే అని బలానికి టానిక్ రాశాడు. నెల తిరిగేసరికి జములమ్మే అందరికీ "వయసేనంట" అని చెప్పడం మొదలుపెట్టింది.

ఈ ఏడాది హైదరాబాద్ తీసుకుపోయాను. డాక్టరమ్మ మాలతి కాగితాలన్నీ చూసి, వయసు కాదు, మతిమరుపు జబ్బు అని తేల్చింది.

"ముందే వస్తే నయం చేస్తుంటిమి అని చెప్పను. కానీ ఏమైతుందో ఆమెకు సమజయ్యేటట్టు చెప్పే టైమ్ ఉంటుండె."

నిన్న జములమ్మ తన పెళ్లిచీర ముందర వేసుకుని, దీన్ని ఎట్ల మడతపెట్టాలని నన్ను అడిగింది. నాకు రాదు. ముప్పై ఏళ్లలో ఒక్కనాడూ చూసి నేర్చుకోలేదు.

మెదడులో మొదటి తప్పు ఎక్కడ మొదలవుతుందో శాస్త్రవేత్తలు ఇంకా వెతుకుతున్నారు. మా ఇంట్లో వెతకాల్సిన పని లేదు. అది పేపర్ వెనకాల కూర్చుని ఉండింది.