నీడకు ప్రాణం

ఆ ఉదయం డైరెక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు, కంపెనీలో పెట్టుబడి పెట్టిన బావగారు వస్తారు. తాము తయారుచేస్తున్న వీడియో గేమును రెండు తెరల మీద పక్కపక్కన ఆడించి చూపాలి. కుడి తెర మీద లైటింగ్ ఆర్టిస్టు రెండేళ్లు కూర్చుని చేత్తో దిద్దిన వెలుగునీడలు. ఎడమ తెర మీద రే ట్రేసింగ్, అంటే ఏ కిరణం ఎక్కడ పడి ఎటు చెదురుతుందో కంప్యూటరే లెక్కగట్టి నీడలు వేసే పద్ధతి. బావగారు ఎడమవైపు తలూపితే చాలు, ఆర్టిస్టునీ ఆమె కింద పనిచేసే ఇద్దరినీ ఇంటికి పంపేయవచ్చు.

బావగారు వచ్చారు. తెరల మీద వీరుడు రాతిగదిలోకి దిగాడు.

"తేడా తెలుస్తోందా బావా?"

బావగారికి ఇసుమంత తేడా కూడా తెలియలేదు. కానీ పెట్టుబడి పెట్టినవాడు ఆ మాట ఎలా అంటాడు? "తెలియకపోవడమేంటోయ్! ఎడమవైపు నీడకి ప్రాణం ఉంది. కుడివైపుది అట్టముక్క."

"అట్టముక్కే!" అన్నాడు డైరెక్టరు.

"ఆ ఎడమవైపు గోడ చూస్తుంటే నాకు చలేస్తోంది సార్," అని తందానా పాడింది ప్రచారం చూసే అమ్మాయి. పాడి ఊరుకోక, తమ ఆటలో నీడలన్నీ రే ట్రేసింగ్ నీడలేనని ప్రకటన రాసి విలేకరులందరికీ పంపేసింది.

ఆర్టిస్టు వెనకే నిలబడి అంతా వింది. తన పని ఎక్కడ ఓడిందో చూసుకుందామని ఎడమ కంప్యూటరు దగ్గరికి వెళ్లి సెట్టింగులు తెరిచింది. పొద్దున కంప్యూటరు తనంతట తానే అప్‌డేట్ అయి అన్నిటినీ మొదటికి తెచ్చింది. రే ట్రేసింగ్ ఆఫ్‌లో ఉంది. రెండు తెరల మీదా ఉన్నవి ఆమె నీడలే.

"సార్, ఒక్క మాట..."

"కుళ్లుకోకమ్మా. కాలం మారింది."

"కుళ్లు కాదు సార్. అది ఇంకా ఆన్ చెయ్యలేదు."

గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ముందుగా తేరుకున్నది బావగారే. "అయితే ఆన్ చెయ్యండి. ఇంకా బాగుంటుందిగా!"

చేశారు. ఆట నత్తనడక పట్టింది. తెర మీది రాతిగది చీకటైపోయింది. వీరుడు ఎక్కడున్నాడో వాడికే తెలియాలి.

"బల్బు పోయిందేమిటోయ్?"

"లేదండీ, ఆ గదికి ఒకటే కిటికీ," అంది ఆర్టిస్టు. "నిజం వెలుగైతే అంతే. నేను పన్నెండు దొంగ దీపాలు పెట్టాను కాబట్టి ఇన్నాళ్లూ మనిషి కనిపించాడు."

కిటికీ కింది తివాచీ ఎరుపు మాత్రం పక్కగోడ మీదికి మెత్తగా పాకింది. రెండేళ్లలో తాను తేలేకపోయిన అందం అది. చూసింది ఆమె ఒక్కతే.

"ప్రకటన వెనక్కి తీసుకుందాం సార్," అంది ఆర్టిస్టు.

"పరువేం కాను?" డైరెక్టరు జుట్టు పీక్కున్నాడు.

బావగారు గొంతు సవరించుకుని తీర్పు చెప్పారు. "ఆ చీకటిది ఆపేసి, పొద్దుటి రే ట్రేసింగే ఉంచండి."

అలాగే ఉంచారు. ఇంటికి పోవలసిన ఆర్టిస్టు రే ట్రేసింగ్ విభాగానికి అధిపతి అయింది. ఆమె కింద మరో నలుగురిని వేశారు.

ఆట విడుదలయ్యాక విమర్శకులు నీడలను వేనోళ్ల పొగిడి, ఒక్క లోపం మాత్రం ఎత్తిచూపారు: మెనూలో రే ట్రేసింగ్ బటన్ నొక్కగానే రే ట్రేసింగ్ పోతోందట.