నడవలేని గవరయ్య

వృద్ధాశ్రమంలో మనిషిని చూడకుండా రికార్డు రాయడమంత గొప్ప వైద్యం ఇంకోటి లేదు! నవ్వకండి. కలకత్తా రేవు పక్కన వాట్‌గంజ్‌లో ఒక ఆశ్రమంలో చేరిన గవరయ్య దాన్ని స్వయంగా అనుభవించాడు.

గవరయ్య రేవులో, ఓడలాగే డాక్‌లో బస్తాలు మోసి రిటైరైనవాడు. ఆశ్రమానికి వచ్చిన కొత్తలో జ్వరంతో మంచం దిగలేదు. రికార్డులు రాసే శ్యామసుందర్ 'నడవలేడు, నొప్పి లేదు' అని రాశాడు. జ్వరం తగ్గి గవరయ్య లేచి తిరుగుతున్నా, ఆ తర్వాత రోజూ నిన్నటిది చూసి ఇవాళ్టిది రాసేవాడు. దస్తూరీ ముత్యాలే! బంద్ నాడు ఇల్లు కదలలేదు. అయినా రికార్డులో ఆరోజు కూడా అందరినీ పరీక్షించినట్టే ఉంది. ఇంతటి కర్తవ్యదీక్ష ఇంకెక్కడుంది?

గవరయ్యకూ లాభమే. గేటు దగ్గర దర్వాన్ రికార్డు ప్రకారం నడవగలిగినవాళ్లనే ఆపేవాడు. ఇతను నడవలేడు కదా! దర్జాగా బయటికెళ్లి, మట్టి ముంతలో టీ తాగి వచ్చేవాడు.

"అప్పా, నాను నడవలేనట!" అన్నాడు, పక్క గదిలో ఉండే, తను అక్కలా చూసుకునే దాలమ్మతో.

"మరి రోజూ టీకి ఎల్తన్నదెవులు?"

"ఏటో! సదూకున్నోళ్లు రాసినారు. నా కాళ్లకే తెలిసినట్టు లేదు."

రానురాను అతనికే అనుమానం పట్టుకుంది. రికార్డును అవమానిస్తున్నట్టనిపించి, వరండాలో కాస్త కుంటుతూ నడిచేవాడు!

ఒకరోజు స్నానాల గదిలో జారిపడ్డాడు. మోకాలు బూరెలా పొంగింది. ఆయా కబురు చెబితే శ్యామసుందర్ ఆఫీసు గదిలోంచే తేల్చేశాడు: "నడవలేని మనిషి ఎలా పడతాడు?" ఆ పూట కూడా 'నొప్పి లేదు' అని రాసుకున్నాడు. తర్కంలో తప్పుందా చెప్పండి?

దాలమ్మకు తర్కం రాదు. కర్ర టకటకలాడించుకుంటూ ఆఫీసుకెళ్లి, అతని చేయి పట్టుకుని మంచం దగ్గరికి లాక్కొచ్చింది.

"కాయితం కాదు నాయనా, ఆ మోకాలు సూడు!"

శ్యామసుందర్ చూశాడు. మొహం పాలిపోయింది. మంచం పట్టె మీద కూర్చుని, మెల్లగా చెయ్యి వేసి అడిగాడు: "ఎక్కడ నొప్పి, తాతా?"

ఆశ్రమంలో చేరాక గవరయ్యను ఆ మాట ఎవరూ అడగలేదు. అతను చొక్కా పక్కకు లాగి, బస్తాలు మోసి కాయలు కాసిన భుజం చూపించాడు.

"మోకాలు ఇయ్యాల్టిది బాబూ, ఆగుతాది. ముందు ఈ బుజం సంగతి రాసుకో."