చీమ కడుపులో ఆఫీసు

కడుపులో పురుగు పడడం కన్నా పెద్ద అదృష్టం ఈ లోకంలో లేదు!

మొహం అలా పెట్టకండి. నేను మందుల షాపువాణ్ణి కాను, మతి పోయినవాణ్ణి అంతకన్నా కాను. మ్యూజియంలో ఉద్యోగం చేసేవాణ్ణి. ఉద్యోగం మ్యూజియంలో, నేను ఇంట్లో. అదెలాగో తర్వాత చెప్తాను. ముందు పురుగు సంగతి వినండి.

మ్యూజియంలో అద్దాల పెట్టెల పక్కన చిన్న అట్టముక్క మీద ఏదో రాసి ఉంటుంది చూశారా? మీరెవరూ ఎప్పుడూ చదవరే, అదే! అది రాసేది నేనే. మొన్న మా మేనేజరుగారు కొత్తగా వచ్చిన అంబర్ ముక్క ఫోటో పంపించారు. అంబర్ అంటే మరేం లేదు, ఎప్పుడో ఒక చెట్టు కార్చిన బంక. మట్టిలో పడి, గట్టిపడి, తేనెరంగు రాయిలా తయారవుతుంది. ఆ ముక్కలో ఒక చీమ. దాని పక్కనే, దానికంటే పొడుగ్గా, చుట్టలు చుట్టుకుని ఒక సన్నటి పురుగు. నెమటోడ్ అంటారట. సుమారు నాలుగు కోట్ల ఏళ్లుగా ఇద్దరూ కలిసి ఆ బంకలోనే కాపురం చేస్తున్నారు. ఆ జాతి పురుగు భూమ్మీద ఇప్పుడు లేదు.

దాని దర్జా ఏం దర్జా అనుకున్నారు! ఇప్పుడు బతికున్న చుట్టాలను చూసి శాస్త్రజ్ఞులు చెప్పేదేమిటంటే, ఇలాంటి పురుగులు చీమ ఇంకా పసికూనగా ఉన్నప్పుడే లోపలికి దూరతాయట. లోపలే తిండి, లోపలే పడక, లోపలే పెరుగుదల. చీమ పొట్ట ఉబ్బుతుంది. తోటి చీమలు చూసి “అబ్బో, ఒళ్లు చేసిందే!” అనుకుంటాయి కాబోలు. పురుగు పెరగాల్సినంత పెరిగాక ఒకనాడు చీమను చీల్చుకుని బయటికి వస్తుంది. చీమ పని అంతటితో సరి. ఈ చీమ విషయంలో సరిగ్గా అప్పుడే పైనుంచి బంక జారి పడింది. దొంగా సొమ్మూ ఒకేచోట దొరికిపోవడమంటే ఇదే!

మరి ఇంత చేసిన పురుగుకి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరుకి అర్థమేమిటో తెలుసా? ‘చీమలంటే ఇష్టపడేది’ అట! నిజమే మరి. నాకు బిస్కెట్లంటే ఉన్న ఇష్టం కూడా సరిగ్గా అలాంటిదే.

ఫోటో వెనకాలే మేనేజరుగారి ఫోను వచ్చింది.

“అట్ట మీద ‘పరాన్నజీవి’ అని రాయకండి. పిల్లలు చూస్తారు. కొంచెం పాజిటివ్‌గా ఉండాలి. ‘భాగస్వామి’ అనండి.”

నా కళ్లు తెరుచుకున్నాయి! నాకు రోజూ జరుగుతున్నదానికి ఇంతకాలం పేరు తెలీక అవస్థ పడుతున్నాను. భాగస్వామ్యం!

ఎందుకంటే మా ఆఫీసు కూడా ఒకప్పుడు మా ఇంట్లోకి ఇలాగే దూరింది. మ్యూజియంలో మా గదులకి రిపేర్లని చెప్పి, “కొద్దిరోజులు ఇంటినుంచి చేయండి” అన్నారు. ఒక లాప్‌టాప్ వచ్చింది. ఎంత పల్చన! భోజనాల బల్ల మీద ఓ మూల ఒదిగి కూర్చుంది. దాని వెనక చార్జరు వచ్చింది. తర్వాత ఇంకో స్క్రీను, గిర్రున తిరిగే కుర్చీ, నా మొహం వెలగడానికి గుండ్రటి లైటు వచ్చాయి. బల్ల చాల్లేదు. ముందుగది తీసుకుంది.

ముందుగది అంతకుముందు ఖాళీగా ఏమీ లేదు. మా ఆవిడ దర్జీ. వీధివైపు కిటికీ పక్కన ఆవిడ కుట్టు మిషను ఉండేది. సూదిలో దారం ఎక్కించాలంటే ఆ వెలుతురే ఉండాలట. అయినా పెద్దమనసుతో జరిగింది. మిషను కిటికీ దగ్గర్నుంచి గది మూలకీ, మూల నుంచి వంటింటి గుమ్మానికీ, గుమ్మం నుంచి స్నానాలగది పక్క సందులోకీ వెళ్లింది. కదలకుండా పడి ఉండే మిషనుకి ఇంత వ్యాయామం చేయించినవాడు ఇంకెవరైనా ఉన్నారా?

ఇంటికి జరిగిన మేలు ఇంతా అంతా కాదు. మొదటిది నిశ్శబ్దం. ఒకసారి మీటింగులో మిషను చప్పుడు విని మేనేజరుగారు “ఎక్కడండీ ఆ కాల్పులు?” అని హడలిపోయారు. అప్పట్నుంచి మా ఆవిడ మీటింగుకీ మీటింగుకీ మధ్య మాత్రమే కుడుతోంది. కొలతలకొచ్చిన వాళ్లతో సైగలే! ఒకావిడ గౌను చంకల దగ్గర బిగుతుగా ఉందని చెప్పడానికి రెండు చేతులూ పైకెత్తి చూపించింది. మా ఆవిడ వెడల్పు చేసింది. ఇంకా చేతులెత్తింది, ఇంకా వెడల్పు చేసింది. చివరికి ఆ గౌనులో ఆవిడతోపాటు వాళ్లాయన కూడా పట్టేటట్టు తయారైంది. దంపతులు దగ్గరవడం మంచిదే కదా!

ఇక మా అమ్మ. ఆవిడ తుమ్మితే ఒకప్పుడు వీధి చివర కుక్క లేచి కూర్చునేది. ఇప్పుడు తుమ్ము వస్తే ముక్కు పట్టుకుని, కళ్లు మూసుకుని, లోపలే పేల్చేసుకుంటోంది. నేను “నమస్కారమండీ” అన్నానంటే ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది. ఒకరోజు బకెట్టు పట్టుకుని నా వెనకగా వెళ్తూ, అలాగే కాలెత్తి ఆగిపోయింది. మీటింగు అయ్యేదాకా కదల్లేదు. చివర్లో మేనేజరుగారు మెచ్చుకోలుగా అన్నారు.

“మీ వెనక విగ్రహం చాలా బాగుందండీ. ఏ కాలంనాటిది?”

సొంత ఇంట్లో ఉంటూ మ్యూజియం వస్తువుగా గుర్తింపు పొందడం ఎంతమంది తల్లులకు దక్కుతుంది చెప్పండి!

ఇలా అంతా సవ్యంగా సాగుతుంటే ఒక బడి యాజమాన్యం నుంచి మా ఆవిడకి కబురొచ్చింది. పిల్లలందరి యూనిఫారాలూ కుట్టగలరా అని. ఆవిడ మొహం మీద అంత సంతోషం ఎప్పుడూ చూడలేదు, నా పెళ్లి ఫోటోలో కూడా లేదు.

“ఏమండీ, పొద్దున పూట కిటికీ నాకివ్వండి చాలు. సందులో చీకటి. నల్లబట్ట మీద నల్లదారం కనపడి చావట్లేదు. ఈ ఆర్డరు పోతే మళ్లీ రాదు.”

“పొద్దున పూటేగా అసలు మీటింగులు! వెలుతురు లేకపోతే మేనేజరుగారు నన్ను గుర్తుపట్టరు. మధ్యాహ్నం మాట్లాడుకుందాం.”

మధ్యాహ్నం కూడా మీటింగు ఉంది. నా తప్పు ఏముంది?

ఆ సాయంత్రం మా ఆవిడ నోట్లో గుండుసూదులు పట్టుకునే నా వెనక నిలబడి స్క్రీను వంక చూసింది.

“ఇదేమిటండీ, చీమకి దారం చుట్టారు?”

“దారం కాదు, పురుగు. చీమ లోపల ఉండేది, బయటికొచ్చింది.”

ఆవిడ సూదులన్నీ తీసి చీరకొంగుకి గుచ్చుకుని వంగి చూసింది. “ఇంత పొడుగుదా? బాబిన్‌లో దారంలా లోపలంతా ఇదే చుట్టుకుని ఉంటుంది. ఇదంతా బయటికొచ్చాక చీమలో ఇంకేం మిగిలింది?”

“నువ్వలా నెగటివ్‌గా చూడకు. అది భాగస్వామ్యం.”

“చీమని అడిగారా?”

ఇలాంటి అమాయకపు ప్రశ్నలకి ఓపిగ్గా జవాబు చెప్పడం నా అలవాటు. “చూడు, ఆఫీసు కూడా నాలోకి ఇలాగే దూరింది. నేను చీమననుకో. అయినా ఎంత హాయిగా ఉన్నానో చూడు!”

“ఆఫీసు మీలోకి దూరింది, సరే. మరి మీరు ఎవరిలోకి దూరారు?”

ఈలోగా మీటింగు పిలుపొచ్చింది. లేకపోతే తప్పకుండా జవాబు చెప్పేవాణ్ణి.

మర్నాడు పొద్దున నేను గంభీరంగా అంబర్ గురించి మాట్లాడుతున్నాను. నా వెనక ఏదో కదిలింది. మా ఆవిడ మిషనుకి ఒకవైపు, మా అమ్మ ఇంకోవైపు. అమ్మ చంకలో గుండీల డబ్బా. ఎవరూ ఆగిపోలేదు. నేను “నమస్కారమండీ” అని రెండుసార్లు గట్టిగా అన్నా సరే ఆగలేదు!

స్క్రీనులోంచి మేనేజరుగారు కేక పెట్టారు. “ఏమండోయ్! మీ విగ్రహం నడిచిపోతోంది!”

ఎదురుగా సైకిళ్లు బాగుచేసే దుకాణం ఖాళీ అయితే, ఆ గది తీసుకున్నారట అత్తాకోడళ్లు. వీధివైపు తలుపు తీస్తే గదంతా వెలుతురే. నాలుగు కోట్ల ఏళ్లలో ఏ చీమకీ రాని ఆలోచన వీళ్లకి వచ్చింది! పురుగుని అక్కడే వదిలేసి చీమ లేచి బయటికి వెళ్లిపోవడం ఎక్కడైనా ఉందా? ఇది ప్రకృతి విరుద్ధం కాదా?

సరే, నాకేం నష్టం? ఇల్లంతా ఇప్పుడు ఆఫీసే. తుమ్ము లేదు, మిషను లేదు. స్టవ్ వెలిగించే లైటరు ఎక్కడుంటుందో కూడా తెలీదు. అదే రోజు మేనేజరుగారు శుభవార్త చెప్పారు. రిపేర్లయిన మా పాత గదుల్లో కాఫీ షాపు పెట్టేశారట. మా కుర్చీల్లో ఇప్పుడు జనం కూర్చుని కాఫీ తాగుతున్నారట. “ఇక నుంచి మీ ఇళ్లే మన ఆఫీసు, శాశ్వతంగా!” అన్నారు. అందరం మ్యూట్‌లో చప్పట్లు కొట్టాం. ఆ ఊపులో నా చొక్కా గుండీ ఒకటి పొట్ట దగ్గర తెగి ఎగిరిపోయింది. కూర్చుని కూర్చుని నేనూ ఒళ్లు చేశాను మరి.

గుండీ లేకపోతే మీటింగుకి పనికిరాను. చొక్కా పట్టుకుని వీధి దాటాను. లోపల మిషను దడదడలాడుతోంది. మా అమ్మ ఎవరికో గౌను చూపిస్తూ గొంతెత్తి మాట్లాడుతోంది. యూనిఫారాలు మోకాలి ఎత్తున పేర్చి ఉన్నాయి. మా ఆవిడ తలెత్తకుండానే అంది.

“అక్కడ పెట్టండి. గురువారం రండి.”

“నేనే!”

“తెలుసు. గురువారం రండి.”

“ఏ గురువారం?”

“మీటింగు లేని గురువారం.”

మా అమ్మ అప్పుడు తుమ్మింది. ఎంతకాలం దాచుకున్నదో, వీధి చివర కుక్క లేచి మొరిగింది. ఆవిడ ముక్కు తుడుచుకుని, “అబ్బ, ప్రాణం లేచొచ్చింది!” అంది.

నేను గుమ్మం పక్కన బల్ల మీద కూర్చున్నాను. ఇక్కడే కూర్చుని పని చేసుకోవచ్చా అని అడిగాను. “కూర్చోండి, ఎవరొద్దన్నారు? ఆ లాప్‌టాప్ మాత్రం తేకండి” అంది మా ఆవిడ.

చదువుకున్నవాణ్ణి, మాట మార్చను. కడుపులో పురుగు పడడం ముమ్మాటికీ అదృష్టమే! ఎవరికి అన్నది రాయడానికే అట్టముక్క మీద చోటు చాల్లేదు. ఇంకో మాట. చీమలోంచి బయటపడ్డాక ఈ రకం పురుగు ఇక జన్మలో ఏమీ తినదని పుస్తకాల్లో ఉంది. అది మాత్రం నేను నమ్మను. లోపల అత్తాకోడళ్లు భోజనం డబ్బా మూత తీస్తున్నారు, నాకు ఆకలి దంచేస్తోంది.