తువ్వాలలో రెండు తాళంచెవులు

ఆ రోజుకు బాలస్వామి వేసుకున్న లెక్క చాలా సాదాగా ఉంది. ఎనిమిదింటికి పంచాయతీ ఆఫీసు వరండాలో నాగప్పను, వెంకటన్నను ఎదురెదురుగా కూర్చోబెట్టాలి. తొమ్మిదింటికల్లా ఆ అన్నదమ్ముల తగాదా తెంపాలి. తొమ్మిదిన్నర బస్సుకు గద్వాల పోయి కళ్లద్దాలు తెచ్చుకోవాలి. ముప్పై ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసినవాడు కాబట్టి, టైము కాగానే జనం వాళ్లంతట వాళ్లే దిగిపోతారని అతడి నమ్మకం.

పైగా ఈ మధ్యనే రెండు రోజులు కూర్చుని మధ్యవర్తిత్వంలో శిక్షణ పొందివచ్చాడు. పాత పెద్దమనుషుల్లాగా తీర్పు చెప్పకూడదని అక్కడ నేర్పారు. తగాదా పడ్డ ఇద్దరిలో ఒకరి బాధను రెండోవాడి నోటితోనే, ఒక్క ముక్క వదలకుండా తిరిగి చెప్పించాలట. అలా చెబితే కోపం సగం దిగుతుందట. నేర్పినవాళ్లు మల్దకల్ దాటి ఈ ఊరు ఎప్పుడూ వచ్చి ఉండరు.

తగాదా ఇద్దరి చేల మధ్య గెట్టు మీదున్న హద్దురాయి గురించి. మాటామాటా పెరిగి, పన్నెండు రోజుల కింద నాగప్ప ఉమ్మడి బోరు స్టార్టరు డబ్బాకు తాళం వేశాడు. తెల్లారి వెంకటన్న దాని పక్కనే ఇంకో తాళం వేశాడు. రెండూ తీస్తే తప్ప మోటరు నడవదు. ఇద్దరి చేలల్లోనూ ఉన్నది కంది. వాన మొహం చాటేసినా అది ఎలాగో నిలబడుతుంది.

మునిగింది రెబెకా. నిన్నమొన్నటి దాకా కూలికి పోయిన మనిషి, ఈ ఏడాది ధైర్యం చేసి నాగప్ప దగ్గర రెండెకరాలు బోరు నీళ్లతో సహా కౌలుకు పట్టి, కంపెనీకి విత్తనాలిచ్చే సీడ్ పత్తి వేసింది. చేను పూత మీద ఉంది. పొద్దున్నే ఆడపూలకు మగపూల పుప్పొడి అద్దుదామంటే, తడి లేక పూతంతా నేల రాలుతోంది. ఇద్దరు మగవాళ్ల పంతానికి మూడో మనిషి పంట ఎండుతుంటే ఊళ్లో ఒక్కరికి చీమ కుట్టినట్టయినా లేదు. పది రోజులు ఇద్దరి వాకిళ్లూ తిరిగి తిట్లు తిన్నాక ఆమె బాలస్వామి దగ్గరికి వచ్చింది. ఇవ్వాళ నీళ్లు పారకపోతే చేను దున్నేసుకోవడమే అని చెప్పింది.

ఎనిమిదింటికి అన్నదమ్ములు వచ్చి చెరో మూల మొహం తిప్పుకుని కూర్చున్నారు. రెబెకా మెట్ల దగ్గర నిలబడింది. ఎంత శిక్షణ పొందినా ఊరి పద్ధతి ఊరిదే కాబట్టి బాలస్వామి ముందుగా తన తువ్వాల పరిచాడు. పంచాయితీకి కూర్చున్నవాళ్లు ఆ తువ్వాలలో ఏదో ఒకటి కుదువ పెట్టాలి. మాట తెగేదాకా అది మధ్యవర్తి చేతిలో ఉంటుంది. తెగకముందే వెనక్కి తీసుకున్నవాడు తప్పు ఒప్పుకున్నట్టే. ఇద్దరూ స్టార్టరు డబ్బా తాళంచెవులు విసిరినట్టు వేశారు. బాలస్వామి తువ్వాల మూట కట్టాడు.

వెంకటన్న తన బాధంతా కక్కాడు. ఇక నాగప్ప దాన్ని తిరిగి చెప్పాలి. అతడు పళ్లు కొరికాడు, చెప్పనన్నాడు, బాలస్వామి బతిమాలాక చేతులు కట్టుకుని పాఠం అప్పజెప్పే పిల్లవాడిలాగా మొదలుపెట్టాడు.

"గెట్టు రాయి జరిపింది నేనే. మూడడుగుల భూమి మింగింది నేనే. తోడబుట్టినోని కడుపు కొట్టింది నేనే. గిదే గద నీ బాధ?"

వెంకటన్న బావమరిది మల్లేశ్ సరిగ్గా ఆ మాటలు మొదలయ్యే వేళకే బావను వెతుక్కుంటూ గోడ దగ్గరికి వచ్చాడు. సంగతేమిటో తెలియకముందే వీడియోకు ఫోను పైకెత్తడం అతడికి అలవాటు. పక్కనుంచి ఎవరో పిలిస్తే అటు తిరిగి మాట్లాడుతూ, ఫోను మాత్రం అలాగే పట్టుకుని ఉన్నాడు. ఈలోగా నాగప్ప తన బాధ చెప్పడం, వెంకటన్న దాన్ని అప్పజెప్పడం కూడా అయిపోయాయి. "మోటరు వైరు కోసింది నేనే, అన్న బాగుపడుతుంటే ఓర్వనిది నేనే" అని అతడు చేతులు కట్టుకుని చెప్పినదీ ఫోనులోకి ఎక్కింది. మల్లేశ్ చివరిదాకా చూసుకోకుండా "నాగప్ప తప్పు ఒప్పుకున్నడు" అని రాసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు.

పావుగంటలో నాగప్ప భార్య సుగుణమ్మ చేతికి జొన్నపిండితోనే వచ్చింది.

"మూడడుగులు మింగిన్నని ఊరందరికి చెప్తివి. ఇంట్ల ఉన్న నాకు ఒక్క మాట చెప్పకపోతివి."

"నేను ఒప్పుకోలేదే. వాడన్నది తిరిగి చెప్పిన."

"చెయ్యనిది ఎవలన్న తిరిగి చెప్తరా?"

వెంకటన్న మీసం దువ్వుకున్నాడు. ఆ సంబరం వనపర్తి నుంచి అతడి మామ ఫోను చేసేదాకా నిలిచింది. వీడియో చివరిదాకా చూసిన మొదటి మనిషి ఆయనే. వైరు దొంగకు పిల్లనిచ్చుకున్నానని తిట్టిన తిట్లు ఫోను చెవికి దూరంగా పెట్టినా వరండా అంతా వినబడ్డాయి. వెంకటన్న వెళ్లి మల్లేశ్ చొక్కా పట్టుకున్నాడు. మల్లేశ్ తరఫున నలుగురు లేచారు, సుగుణమ్మ తరఫున ఆమె పుట్టింటివాళ్లు బండ్ల మీద దిగారు. పదేళ్ల కింద తీసుకుపోయి తిరిగివ్వని నాగలి, పెళ్లిలో పెట్టని బట్టలు, చచ్చిపోయిన బర్రె, అన్నీ వరండాలోకి వచ్చాయి.

అందరూ బాలస్వామి మీద పడ్డారు. అసలు పంచాయితీలో ఏం జరిగిందో చెప్పి తమ పరువు నిలబెట్టమన్నారు. ఒక్క మాటతో అంతా చల్లారేది. ఆ ఒక్క మాటే అతడు చెప్పలేడు.

"మధ్యవర్తి దగ్గర మాట్లాడింది బయట చెప్పొద్దు. నేను సంతకం పెట్టొచ్చిన" అన్నాడు.

"అంత ఫోనుల్నే ఉన్నది గద" అంది సుగుణమ్మ.

"ఫోను సంతకం పెట్టలే గదమ్మ."

దాంతో పన్నెండు రోజుల తర్వాత మొదటిసారిగా అన్నదమ్ములిద్దరి మాట ఒకటైంది. ఈ కండక్టరే తమ కొంప ముంచాడని ఇద్దరూ తేల్చారు. చెరో పక్క నుంచి లాగితే అతడి చొక్కా జేబు ఊడింది. మూటను నెత్తికెత్తి పట్టుకున్న చేతులు నొప్పెట్టి, బాలస్వామి మెట్ల వైపు చూశాడు.

"రెబెకా, జర గిది పట్టుకో బిడ్డా."

ఆమె పట్టుకుంది. నిమిషం అక్కడే నిలబడి ఆ జనాన్ని చూసింది. ఒక్కరి నోటా నీళ్ల మాట లేదు. మూటతో సహా చేను దారి పట్టింది. తొమ్మిదిన్నర బస్సు హారను కొట్టి వెళ్లిపోయింది.

మోటరు మోత వినబడ్డాక గాని వరండాలో అరుపులు ఆగలేదు. అందరూ ఉరికారు. డబ్బా తెరిచి ఉంది, నీళ్లు పత్తి సాళ్లలోకి పారుతున్నాయి. తాళంచెవుల మూట రెబెకా నడుముకు ఉంది. మమ్మల్ని అడగకుండా చెయ్యి పెట్టేంత పొగరా అని నాగప్ప మీదికి వచ్చాడు. ఆమె కదల్లేదు. పన్నెండు రోజులుగా మింగిన కోపమంతా బయటికి వచ్చింది.

"పటేలా, మీ ఇద్దరికి గెట్టున్నది, గెట్టు మీద రాయున్నది, కొట్లాడుకోండ్రి. నాకు ఈ పూత తప్ప ఏమున్నది? నేను మీ కాళ్లు పట్టుకున్ననాడు ఒక్కరన్న ఇట్ల ఉరికొచ్చిండ్రా?" మూట విప్పి చాపింది. "పంచాయితీ తెగినట్టయితే తీస్కోండ్రి."

నాగప్ప చెయ్యి ముందుకు వచ్చి ఆగింది. ముందుగా తీసుకున్నవాడు తప్పు ఒప్పుకున్నట్టే. ఊరంతా చూస్తోంది, మల్లేశ్ ఫోను మళ్లీ పైకి లేచింది. నాగప్ప తమ్ముణ్ణి తీసుకోమన్నాడు. వెంకటన్న పెద్దవాడివి నువ్వే తీసుకో అన్నాడు. ఇద్దరిలో ఎవరూ తీసుకోలేదు. పంచాయితీ ఇంకా నడుస్తున్నట్టేనని, అది తెగేదాకా కుదువ తన తరఫున రెబెకా దగ్గరే ఉంటుందని బాలస్వామి ఊడిన జేబు పట్టుకుని చెప్పాడు.

తర్వాత ఇంకో నాలుగుసార్లు కూర్చున్నారు. ప్రతిసారీ నడుముకు ఆ మూటతో అందరికంటే ముందు వచ్చి చాపలు పరిచేది రెబెకాయే. నాలుగోసారి అన్నదమ్ముల గొంతులు తగ్గాయి. వెంకటన్న నోట "అన్నా" అన్న మాట కూడా వచ్చింది. బాలస్వామికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడు రెబెకా మెట్ల మీద నుంచి నెమ్మదిగా అడిగింది.

"అంత మంచిగనే ఉన్నది గని పటేలా, ఇంతకు ఆ రాయి ఎవలు జరిపిన్రు?"

ఆమె చేనుకు ఇంకా రెండు తడులు కావాలి.