చెప్పుల బీరువాలో ముగ్గిన పొగాకు

రుచి తెలిసిన బావమరిది ప్రతి ఇంటికీ ఒకడు ఉండాలి. లేనివాళ్ళకి ప్రభుత్వమే ఒకణ్ణి మంజూరు చెయ్యాలి!

తమాషాకి అనడం లేదు. నేను విలేకరిని. చూసింది రాస్తాను, చూడనిది రాయను. మా బావమరిదిని చూశాను కనక రాస్తున్నాను.

అతను రాకముందు నా బతుకు ఎలా ఉండేదో చెప్తే మీకు జాలేస్తుంది. నేను పైపు తాగుతాను. పొగాకు బర్లీ రకం. కాగితం పొట్లం, మీద గుర్రం బొమ్మ. మా ఆఫీసు పక్కసందులో కొట్టాయన దాన్ని అగ్గిపెట్టెల వెనక, కింది అరలో పెట్టేవాడు. నేను గుమ్మంలో కనబడగానే ఆయన చెయ్యి కిందికి పోయేది. "సార్" అనేవాడు. "ఊఁ" అనేవాణ్ణి. ఏళ్ళ తరబడి మా మధ్య జరిగిన సంభాషణ అంతే.

ఆ పొగాకు గురించి చెప్పుకోడానికి ఏమీ ఉండేది కాదు. చవక. వేలితో రెండుసార్లు నొక్కితే పైపులో కూర్చుంటుంది. మొదటి పుల్లకే అంటుకుంటుంది. నాలుక చురుక్కుమనదు. తీర్పు కోసం కోర్టు వరండాలో నిలబడి తాగొచ్చు. బస్టాపులో వాన తగ్గేదాకా తాగొచ్చు. ఎడిటర్ చీవాట్లు పెట్టి వెళ్ళాక తాగొచ్చు. వార్త రాస్తూ మర్చిపోతే ఆరిపోతుంది. మళ్ళీ పుల్ల గీస్తే, అలిగి కూర్చోకుండా వెలుగుతుంది. వాసనంటారా? వేయించిన గింజల వాసన అని కొందరంటారు. మా సబ్-ఎడిటరమ్మ మాత్రం పాత పేపర్లు తగలబెట్టిన వాసన అంటుంది. ఆవిడకి తెలిసిన వాసన అదే మరి.

చూశారా ఎంత అజ్ఞానమో! తాగాను, బాగుంది, పనిలో పడ్డాను. ఏం తాగుతున్నానో ఒక్కనాడైనా కూర్చుని ఆలోచించానా? లేదు! సిగ్గుచేటు కాదూ?

అలాంటి నన్ను ఉద్ధరించడానికి మా ఊరికి బదిలీ అయి వచ్చాడు మా ఆవిడ తమ్ముడు. బీమా కంపెనీలో ఉద్యోగం. అద్దెకి ఇల్లు దొరికేదాకా మా ఇంట్లో ఉంటానన్నాడు. ఇళ్ళు దొరుకుతూనే ఉన్నాయి. వంటింట్లో గాలి ఒకచోట నచ్చలేదు, మెట్ల మీద సున్నం వాసన ఇంకోచోట నచ్చలేదు.

అతను మంచినీళ్ళు కూడా మింగడు. నోట్లో పోసుకుని కళ్ళు మూసుకుంటాడు. ఇటు బుగ్గలోంచి అటు బుగ్గలోకి పంపిస్తాడు.

"అక్కా, మీ ట్యాంకు ఉత్తరం వైపుందా?" అని అడిగాడు వచ్చిన రోజే.

"తూర్పు వైపురా" అంది మా ఆవిడ.

"అదే! తూర్పుకి తిరిగేముందు కాస్త ఉత్తరం తగుల్తోంది."

బ్రెడ్డు ముక్క కొరికి, బేకరీవాడికి నిన్న ఇంట్లో గొడవైందన్నాడు. కాదని మీరు చెప్పగలరా? నాకు జ్వరం వస్తే, మాత్ర అంచు నాకి చూసి, పోయినేడు తయారైన సరుకే సరుకన్నాడు. ఇలాంటి మనిషి ఇంట్లో ఉంటే మీకు తెలియకుండా మీ నోట్లోకి ఏదైనా పోగలదా?

అతనూ పైపు తాగుతాడు. అంటే, డబ్బాలు దాస్తాడు. ఒక్కో డబ్బా మీద కొన్న ఏడాదీ, తెరవాల్సిన ఏడాదీ రాసి ఉంటాయి. తెరవాల్సిన ఏడాది ఇంకా ఏ డబ్బాకీ రాలేదు.

ఓ సాయంత్రం అడిగాడు. "బావా, నీ పొగాకు ఒక్క పైపుకి పెట్టవా? నావి ఇంకా ముగ్గలేదు."

"చెప్పుల బీరువాలో ఉంది, తీసుకో" అన్నాను.

నా పొగాకు ఉండేది అక్కడే. అది మా ఆవిడ శాసనం. "ఆ వాసన నా బట్టలకి పట్టిందంటే మీరూ, మీ గుర్రమూ కలిసి మెట్లమీద పడుకోవాల్సిందే" అని పెళ్ళైన కొత్తలోనే చెప్పేసింది. అందుకని పొట్లం చెప్పుల మధ్య, బూట్ పాలిష్ డబ్బాకీ కలరా ఉండలకీ నడుమ సర్దుకుంది.

ఇక్కడ పాఠకులకి ఒక సంగతి చెప్పాలి. బర్లీ ఆకుకి ఒక గుణం ఉంది. పక్కన ఏముంటే దాని వాసన స్పంజిలా పీల్చేస్తుంది. కంపెనీలవాళ్ళు ఆ ఆకులో చాక్లెట్టూ వెనీలా కలిపేది అందుకే. మా ఇంట్లో కలిసింది పాలిష్.

నాకు ఆ తేడా ఎప్పుడూ తెలియలేదు. మా బావమరిదికి రెండో దమ్ముకే తెలిసిపోయింది. సోఫాలో నిటారుగా కూర్చున్నాడు.

"బావా! తోలు!"

"ఏమైందిరా?" అంటూ మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది.

"తోలక్కా! గుర్రపు జీను! దాని వెనకాల, దూరంగా, చల్లగా... కర్పూరం లాంటిది!"

"ఆ జీను బూట్ పాలిష్‌రా. ఆ కర్పూరం కలరా ఉండలు."

"నీకు తెలీదక్కా, ఊరుకో."

"నేనే పెట్టానురా వాటిని!"

"వస్తువు పెట్టడం వేరు, రుచి పట్టడం వేరక్కా" అని ఫోను తీసి ఎదురుగా నిలబెట్టుకున్నాడు. వీడియోలో నా పొట్లాన్ని ముక్కు దగ్గర ఊపుతూ, కింది అరలో పడి ఉన్న మాణిక్యం అన్నాడు. అతన్ని ఫాలో అయ్యేవాళ్ళున్నారని నాకు అప్పటిదాకా తెలియదు. వాళ్ళకీ బీమా అమ్ముతున్నాడేమో అనుకున్నాను.

మర్నాడు కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన చెయ్యి కిందికి పోలేదు.

"అయిపోయింది సార్."

"గుర్రమా?"

"గుర్రమే. పొద్దున్నే ఎగబడి పట్టుకుపోయారు. మిగిలినవన్నీ మీ బావమరిదిగారు మూట కట్టించుకున్నారు. ముగ్గబెడతారట కదా? ఇది అరటిపళ్ళ వ్యాపారమని నాకు తెలీలేదు సార్, తెలిస్తే ముందే గడ్డి తెచ్చిపెట్టేవాణ్ణి."

ఏళ్ళ తరబడి "సార్" తప్ప వినని నాకు ఆయన నోట ఇన్ని మాటలు వినిపించింది ఎవరు? మా బావమరిది కాదూ?

తర్వాతి ఘట్టం మీరు ఊహించలేరు. పొట్లాలు కొనుక్కున్నవాళ్ళందరూ ఇళ్ళలో వెలిగించి చూశారు. జీను రాలేదు. కర్పూరం రాలేదు. నిలదీశారు. మా బావమరిది తడుముకోలేదు. తోలు రుచి ఆకులో లేదనీ, అది ముగ్గిన చోటులో ఉందనీ, ఆ చోటు మా చెప్పుల బీరువా అనీ ప్రకటించాడు!

ఆ వారం మా ఇంటికి వచ్చినవాళ్ళలో పంటి డాక్టరున్నాడు, డ్రైవింగ్ స్కూలాయన ఉన్నాడు, గుబురుమీసాల బ్యాంకు మేనేజరున్నాడు. అందరి చేతుల్లోనూ గుర్రం పొట్లాలే. పొట్లం మీద పేరూ, తెరవాల్సిన ఏడాదీ. చెప్పుల బీరువా నిండింది. మా చెప్పులు హాల్లోకి వచ్చాయి. మా ఆవిడ ఆఫీసు చెప్పుల్లో ఒకటి టీవీ మీదికి చేరింది, రెండోది దొరకలేదు.

"వీళ్ళు గుమ్మంలో చెప్పులు విప్పి, నా చెప్పులు తీసేసి, పొగాకుని లోపల పెట్టి దణ్ణం పెడుతున్నారేమిటండీ?" అని అడిగింది.

"కలిసొచ్చే కాలమే" అన్నాను.

"మీకా, పొగాకుకా?"

నాకైతే కాదు. ఇల్లంతా నా పొగాకే. ఊళ్ళో ఉన్న గుర్రాలన్నీ మా గుమ్మం పక్కనే ఉన్నాయి. నాకు మాత్రం ఒక్క చిటికెడు లేదు! ఒకనాడు బూట్లు తుడుచుకునే మిషతో బీరువా ముందు కూర్చున్నాను. చెయ్యి పొట్లం మీద పడిందో లేదో, "బావా, తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచకు. జీను పారిపోతుంది" అని లోపల్నుంచి వినబడింది.

అయినా లాభం చూడండి. పైపు మానమని మా డాక్టరు చెప్పీ చెప్పీ విసిగిపోయాడు. ఊపిరితిత్తుల బొమ్మలు చూపించాడు, బెదిరించాడు, బతిమాలాడు. ఆయన వల్ల కాని పని మా బావమరిది చేశాడు! నా దగ్గు తగ్గింది. దాంతోపాటు నా వార్తలూ తగ్గాయి. ఖాళీ పైపు కొరుకుతూ రాసిన అగ్నిప్రమాదం వార్త చదివి ఎడిటర్, "ఇందులో పొగేదయ్యా?" అన్నాడు. నా దగ్గర లేదని చెప్పాను.

ఆదివారం బీరువాలో పొట్లాలు దాచుకున్నవాళ్ళందరూ మా హాల్లో సమావేశమయ్యారు. చెప్పులు పక్కకి జరుపుకుని కూర్చున్నారు. ఈ పొగాకుని మొదట కనిపెట్టినవాణ్ణని నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. నాకొక ఆలోచన వచ్చింది. తిడితే పోతారు కదా!

"తడిసిన కుక్క వాసన" అన్నాను.

ఎవరూ లేవలేదు. పంటి డాక్టరు ముందుకి వంగాడు.

"కాలిన వైరు. మూలపడేసిన గొడుగు. అద్దె అడగడానికొచ్చిన ఇంటాయన."

"అబ్బ! ఎంత ధైర్యమండీ ఈ ఆకుకి!" అన్నాడు డ్రైవింగ్ స్కూలాయన.

"ఇంటాయన చివర్లో తగుల్తాడా, మధ్యలోనేనా?" అని అడిగాడు గుబురుమీసాలాయన.

మా బావమరిది కళ్ళు చెమర్చాయి. "చూశావా అక్కా, బావ ఎదిగిపోయాడు."

నాకు నీరసం వచ్చింది. అబద్ధం ఆడే ఓపిక పోయింది.

"బాబూ, అవేమీ లేవు. అది పొగాకు. పొగాకు రుచే వస్తుంది. చవక. రోజూ తాగడానికి బాగుంటుంది. అంతే."



"అంతేనా?" అన్నాడు పంటి డాక్టరు.

"అంతే."

"ఇంకేమీ రాదా?"

"పొగొస్తుంది."

గుబురుమీసాలాయన మీసం సవరించుకున్నాడు. "రోజూ అంటున్నారు. అంటే, ఎవరైనా తాగొచ్చా?"

"ఎవరైనా తాగొచ్చు."

ఆ మాటతో అయిపోయింది. ఎవరైనా తాగే సరుకు మా ఇంట్లో దాచుకున్నట్టు బయటికి పొక్కితే పరువేం కాను? ఒక్కొక్కరే పనుందని లేచారు. పొట్లాలు వెనక్కి తీసుకెళ్ళడానికి కూడా మొహమాటపడ్డారు. పొట్లాల మీద పేర్లు మాత్రం గోళ్ళతో గీకేసి వెళ్ళారు.

మా బావమరిది ఆ వారమే ఇల్లు చూసుకున్నాడు. "నిజం చెప్పి నా పరువు తీశావు బావా" అన్నాడు వెళ్తూ. అతనిప్పుడు ఉప్పు మీద పనిచేస్తున్నాడట. ఇంటాయన వంటింట్లో కూర్చుని చప్పరిస్తున్నాడని తెలిసింది. ఆ ఇంటాయన అదృష్టానికి నేను సంతోషిస్తున్నాను.

బీరువాలో మిగిలిన పొట్లాలన్నీ మా ఆవిడ మూట కట్టి కొట్టాయనకే తిప్పి పంపింది. నేను కొట్టుకి వెళ్ళాను. చెయ్యి కిందికి పోయింది. "సార్." "ఊఁ."

ఇంటికొచ్చి బల్ల ముందు కూర్చున్నాను. మునిసిపాలిటీ డ్రైనేజీ మీద వార్త రాసివ్వాలి. పైపు దట్టించాను. మొదటి పుల్లకే అంటుకుంది. అదే పొగాకు, అదే పైపు, అదే కుర్చీ. మా ఆవిడ చెప్పులన్నీ బీరువాలోకి తిరిగి సర్దుతోంది. కాగితం మీద డ్రైనేజీ అన్న మాట రాసి, ఒక దమ్ము లాగాను. రెండో మాట రాలేదు. ఇంకో దమ్ము లాగాను. కాగితం వైపు చూడాలనిపించలేదు. పొగని ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి పంపాను.

"ఎలా ఉందండీ?" అంది మా ఆవిడ.

ఇన్నేళ్ళలో ఆవిడ ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే "బాగుంది" అనేసి రాసుకుంటూ పోయేవాణ్ణి. నేను కళ్ళు మూసుకున్నాను.

"మొదట్లో కాస్త ఎండిన చెక్కలా మొదలై..." అన్నాను.

చెప్పుల చప్పుడు ఆగిపోయింది.

"అయితే మా తమ్ముడు ఇంకా వెళ్ళలేదన్నమాట" అంది.