స్వామి సార్ మణికట్టు

పట్టణ జల సౌకర్య విభాగం మెదక్ ఆఫీసు తలుపు మీద ఆ సోమవారం ఒక ప్రకటన వెలిసింది.

"ఉద్యోగుల హస్త ఆరోగ్యమును దృష్టిలో ఉంచుకొని, కంప్యూటర్ మౌస్‌కు బదులు చేతికి సుఖమిచ్చు మరొక పరికరమును ఎంపిక చేయుటకై ఉన్నత స్థాయి కమిటీని నియమించడమైనది. అధ్యక్షులు: స్వామి, సూపరింటెండెంట్. సభ్యులు: త్వరలో."

తెలంగాణ కోసం ఉద్యోగులంతా పెన్ డౌన్ చేసిన రోజులవి. ఆఫీసుకు రావాలి, కుర్చీలో కూర్చోవాలి, పెన్ను మాత్రం ముట్టకూడదు. అందుకే ఆ ప్రకటనను ఎవరూ రాయలేదు, టైపు చేయించారు. ఉద్యమ నియమాలను ఇంత నిష్ఠగా పాటించే ఆఫీసు జిల్లాలోనే మరొకటి లేదని చెప్పుకునేవారు. చెప్పుకునేది ఎక్కువగా స్వామి సారే.

ఆ ప్రకటన ముందు ఆగమ్మ పావుగంట నిలబడింది. ఆమెకు చదువు రాదు. కానీ సర్కారు కాగితం కనబడగానే పక్కనుంచి పోతే బాగుండదు, కాసేపు నిలబడితే మర్యాద అని ఆమె లెక్క.

ఆమె వచ్చింది ఇంటికి నల్లా కనెక్షన్ కోసం. గల్లీ మొత్తానికి ఉన్నది ఒక్కటే బోరింగు. దాని హ్యాండిల్ కొట్టీ కొట్టీ కుడిచేతి మణికట్టు వాచిపోయింది. పొద్దున్నే కొప్పు ముడుచుకోవాలన్నా ఎడమచేతిని బతిమాలుకోవాలి. ఆ బోరింగు దిగిన రోజు ఆమెకు ఇప్పటికీ గుర్తే. కుల్చారం నుంచి కోడలిగా వచ్చిన మూడో ఏడు, ఎండాకాలం, గురువారం. తొలి దెబ్బ కొట్టిన నాయకుడి పంచెకు ఆకుపచ్చ అంచు. రెండో దెబ్బకే ఆయన ఆయాసపడి కారెక్కాడు. మూడో దెబ్బ నుంచి ఈనాటి దాకా ఆగమ్మే కొడుతోంది. ఇన్ని గుర్తున్న మనిషికి నల్లా అర్జీ పెట్టిన తేదీ మాత్రం గుర్తు లేదు. ఒక్కసారి పెడితే గుర్తుండేది.

లోపల స్వామి సార్ కంప్యూటర్ ముందు ఉన్నాడు.

"సారూ, చెయ్యి పడిపోతున్నది సారూ. బోరింగు కొట్టుడు ఇగ నాతోని అయితలేదు. ఒక్క నల్లా ఇప్పియ్యుండ్రి."

సార్ తెర మీది నుంచి చూపు తిప్పలేదు. తెర మీద పేకముక్కలు వరుసలు కట్టి ఉన్నాయి. పెన్ను పట్టలేని చేయి ఊరికే ఉండలేక, పదిహేను రోజులుగా మౌస్ పట్టుకుని ముక్కలు పేరుస్తున్నది. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా, భోజన విరామం మినహా. ఈ దీక్షలోనే ఆయన మణికట్టు దెబ్బతిన్నది.

"చెయ్యి నొస్తున్నదా?" అన్నాడు సార్. మిగతాది ఆయనకు వినపడలేదు. "యాడ? బొటనవేలు కిందనా? మోచేతి దాక గుంజుతదా?"

"ఔ సారూ! గక్కణ్నే!"

"నాకు గూడ గట్లనే ఆగవ్వా!"

ఆగమ్మ గుండె నిండిపోయింది. ముప్పై ఏళ్లలో ఏ ఆఫీసరూ నొప్పి ఎక్కడని ఆమెను అడగలేదు. తనకూ పెద్ద సారుకూ ఒకటే నొప్పి! ఈ మాట గల్లీలో ముందు ఎవరికి చెప్పాలా అని ఆమె అక్కడికక్కడే ఆలోచించుకుంది. నల్లా మాట కాసేపు మరిచిపోయింది కూడా.

పక్క బల్ల మీద లిడియా టైపు చేస్తోంది. ఆమె కాంట్రాక్టు ఆపరేటర్. కాంట్రాక్టు వాళ్లకు సమ్మె చేసే అర్హత లేదు కాబట్టి పని ఆమె మీదే పడింది. ఆమె మణికట్టుకు కూడా పట్టీ ఉంది. కానీ ప్రకటనలో "ఉద్యోగుల" అని ఉన్నందువల్ల ఆమె నొప్పి లెక్కలోకి రాదు.

"సార్, గంటకోసారి మౌస్ ఇడిశిపెట్టి చెయ్యి జర ఊపుండ్రి, తగ్గుతది," అంది లిడియా. "ఆట తగ్గిస్తే ఇంకా జల్ది తగ్గుతది."

"అది సలహా లిడియా," అన్నాడు సార్ జాలిగా. "మనకు కావాల్సింది పరిష్కారం." తర్వాత ఆగమ్మ వైపు తిరిగాడు. "ఆగవ్వా, కమిటీల ఉంటవా?"

"కమిటీల ఏం జెయ్యాలె సారూ?"

"కూసోవాలె."

"గది నాకొస్తది సారూ."

"ఇగ చూడు, చేతుల సంగతి తేలినంక నీ నల్లా సంగతి చూస్తం."

గురువారం కమిటీ కూర్చుంది. రామాయంపేట రోడ్డులో కంప్యూటర్ దుకాణం నడిపే ఫుర్ఖాన్ సంచి నిండా సరుకు తెచ్చాడు. ఆగమ్మ పెట్టెలోంచి పెళ్లిళ్లకు కట్టే చీర తీసి కట్టుకుని వచ్చింది. సమ్మె టెంటులో జనం పలచబడ్డారని ఉద్యోగ సంఘం వాళ్లు కబురు చేయడంతో, సమ్మె హక్కు లేని లిడియాను తలకాయ లెక్కకు అక్కడికి పంపారు. సార్ కంప్యూటర్లో గెలిచే ఆట ఒకటి సగంలో ఉంది కాబట్టి, పరీక్షకు లిడియా కంప్యూటర్ వాడాలని అధ్యక్షులు నిర్ణయించారు. ఆమె చేస్తున్న పని తెర మీద తెరిచినట్టే ఉంది.

ఫుర్ఖాన్ ముందుగా కాలితో నొక్కే పరికరం తీశాడు. "చేతికి పూరా ఆరాం, సార్."

"ప్రజల అర్జీలను కాలితోని తొక్కుతమా?" సార్ లేచి నిలబడ్డాడు. "పేపరోళ్లు సూస్తే? లోపల పెట్టు."

రెండోది పలక మీద పెన్నుతో గీసేది.

"పెన్నా? పెన్ డౌన్ల పెన్ను పట్టుకొస్తవా భాయ్?"

"సార్, దీంట్ల సిరా ఉండది."

"సిరా లేని పెన్నులే మా ఆఫీసుల ఎక్కువ. అయినా పెన్ను పెన్నే."

మూడోది నిలువుగా నిలబడే మౌస్. చేయి బోర్లా పెట్టకుండా, గ్లాసు పట్టుకున్నట్టు పక్కకు పట్టుకోవాలి. ఆగమ్మ పట్టుకుని చూసింది. మణికట్టు మెలిక విడిచినట్టయి, ఆమె ముఖం విప్పారింది.

"సారూ, ఇది మస్తున్నది. గుంజుడే లేదు. బోరింగుకు గిసొంటి హ్యాండిల్ పెడితే నా చెయ్యి గిట్ల కాకపోతుండె."

సార్ కూడా పట్టుకున్నాడు. ముఖం గంభీరమైంది. "ఇది షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టున్నది. సమ్మెల ఉండి ఎవలతోని చేతులు కలుపుతున్నవని అడిగితే ఏం జెప్పాలె? వద్దు."

చివరగా ఫుర్ఖాన్ ఒక నల్లటి దిమ్మ తీశాడు. దాని పక్కన రేగుపండంత ఎర్ర గుండు. "సార్, దీన్ని జరిపే పనే లేదు. చెయ్యి ఒక్క తాననే ఉంటది. బొటనవేలుతోని గుండు తిప్పుడే."

"చెయ్యి కదలకుండ పని అయినట్టు కనవడతదా?"

"కనవడుడు కాదు సార్, అయితది."

సార్ కళ్లు చెమర్చాయి. "గిదే మన డిపార్టుమెంటుకు తగ్గది."

ఇక పరీక్ష. తెర మీద పేర్ల వరుసలు ఉన్నాయి. ప్రతి వరుస చివరా ఒక పచ్చ గడి.

"ఆగవ్వా, గుండు తిప్పి పచ్చ గడి మీదికి పో. నొక్కు. తర్వాత కింద గడి. నొప్పి లేస్తే చెప్పు, ఆపుదాం," అన్నాడు సార్. ఆయన చూపు తెర మీద లేదు, ఆమె మణికట్టు మీదే ఉంది. పరిశోధన అంటే అదీ.

ఆగమ్మ నొక్కింది. గడి ఎర్రగా మారింది. ముచ్చటేసింది. ఇంకోటి నొక్కింది. నలభై గడులు దాటేసరికి బొటనవేలు సలపడం మొదలైంది.

"నొస్తున్నదా?"

"లేదు సారూ."

నొప్పి అంటే పరీక్ష ఆగుతుంది. పరీక్ష ఆగితే చేతుల సంగతి తేలదు. అది తేలకపోతే నల్లా సంగతి రాదు. ఆగమ్మ పళ్లు బిగించి నొక్కింది. వంద దాటాక ఆమెకు తన మీద తనకే నవ్వు వచ్చింది. నొప్పి ఉందని ముప్పై ఏళ్లు చెప్పుకుంటే ఎవరూ నమ్మలేదు, ఇవాళ లేదంటే ఇద్దరు మగవాళ్లు వెంటనే నమ్ముతున్నారు.

చివరికి గడులే అయిపోయాయి. "నూట ఎనభై ఏడు!" అన్నాడు ఫుర్ఖాన్. సార్ చప్పట్లు కొట్టబోయి, తన మణికట్టు గుర్తొచ్చి, తల ఊపాడు. ఎర్ర గుండు ఏకగ్రీవంగా ఎంపికైంది. అది సార్ బల్ల మీదికి చేరింది.

కొన్నాళ్లకు పెన్నులు మళ్లీ పైకి లేచాయి. తర్వాత ఒక ఆదివారం స్వామి సారుకు రెండు సన్మానాలు జరిగాయి. సమ్మె కాలంలో కూడా ఒక్క నల్లా అర్జీ పెండింగులో లేని ఏకైక ఆఫీసరని పొద్దున పైఅధికారులు శాలువా కప్పారు. సమ్మె కాలంలో ఒక్క అర్జీ మీద కూడా పెన్ను పెట్టని ఏకైక ఆఫీసరని సాయంత్రం సంఘం వాళ్లు కప్పారు. రెండూ నిజమేనని ఆయన రెండుచోట్లా వినయంగా ఒప్పుకున్నాడు. సాయంత్రం సభలో ఆగమ్మను కూడా వేదిక మీదికి పిలిచి, ఆయన పాత మౌస్‌ను జ్ఞాపికగా ఇచ్చారు. ఆమె దాన్ని తోక పట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

సోమవారం ఆగమ్మ ఆఫీసుకు పోయింది. సార్ ఎర్ర గుండు తిప్పుతున్నాడు.

"సారూ, చేతుల సంగతి తేలె గద. నా నల్లా?"

"లిడియా, చూడు."

లిడియా చూసింది. మళ్లీ చూసింది. "అవ్వా, నీకు నల్లా ఇచ్చినట్టే ఉన్నది. పని పూరా అయిందని నొక్కిన్రు."

"ఎప్పుడు బిడ్డా?"

"నేను టెంటుకు పోయిన గురువారం. నీకొక్కదానికే కాదు, నూట ఎనభై ఏడు మందికి. నా కంప్యూటర్ల నుంచే."

ఆగమ్మ తన బొటనవేలి వైపు చూసుకుంది.

"అయితే ఎనుకకు తియ్యి బిడ్డా."

లిడియా గొంతు తగ్గించింది. "తీస్తే సార్ శాలువా గూడ ఎనుకకు ఇయ్యాలె అవ్వా."

"పోనీ సారూ, మళ్ల అర్జీ పెట్టుకుంట."

"నల్లా ఉన్నోళ్లకు మళ్ల నల్లా ఎట్లిస్తం ఆగవ్వా? రూల్ ఒప్పుకోదు," అన్నాడు సార్ చేయి కదపకుండా.

ఆగమ్మ బోరింగు దగ్గరికి వచ్చేసరికి వరుసలో పక్కింటి దుర్గమ్మ ముందుంది.

"ఏమక్కా, పెద్ద సారుతోని కమిటీల కూసున్నవు. నల్లా వచ్చిందా?"

"వచ్చింది."

"ఎవలిచ్చిన్రే?"

"నేనే ఇచ్చిన," అంది ఆగమ్మ హ్యాండిల్ అందుకుంటూ. "నీకు గూడ ఇచ్చిన. బిందె జరుపు."