మూడడుగుల నేల, ఒక కుర్చీ

లోకంలో ఉన్న భూమంతా మూడే రకాలు: మున్సిపాలిటీ తీసుకున్నది, మున్సిపాలిటీ తీసుకోబోయేది, మున్సిపాలిటీ కంట ఇంకా పడనిది. నాలుగో రకం కూడా ఉందని, దాన్ని సొంత స్థలం అంటారని కొందరు వాదిస్తారు. వాళ్ళు పాపం ఇంకా ఏ కౌంటరు దగ్గరా నిలబడి ఉండరు.

మా అక్క ఇంటి ముందున్న నేల మొదటి రకం. వెడల్పు మూడడుగులు, పొడవు ముప్పై. గోడకీ రోడ్డుకీ మధ్య లంగా నాడాలా పడి ఉంటుంది. (అక్క బట్టలు కుడుతుంది. ఎదురింట్లో ఉండే నాకూ అవే పోలికలు తడతాయి.) ముప్పై ఏళ్ళ కిందట రోడ్డు వెడల్పు చేస్తామంటూ మున్సిపాలిటీవారు టేపు పట్టుకుని వచ్చి, మొట్టమొదట అక్క మామగారి స్థలంలో మూడడుగులు తీసుకున్నారు. తరవాత భోజనానికి వెళ్ళారు. ఆ భోజనం ఇంకా అవలేదు. రోడ్డు అంగుళం కూడా పెరగలేదు గానీ మూడడుగులు మాత్రం ప్రజలవి అయిపోయాయి. ప్రజలకి ఆ సంగతి తెలియదు.

ఈ ఏడు అక్క అత్తగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. నలభై ఏళ్ళుగా రోజూ సాయంత్రం వీధి చివరిదాకా వెళ్ళి, ప్రతి ఇంటి సంగతీ కనుక్కుని, సంగతులు లేని ఇళ్ళకి తానే రెండు కల్పించి వచ్చే మనిషి. నాలుగు నెలలుగా చక్రాల కుర్చీలో కూర్చుని నాలుగు గోడలు చూస్తోంది. గుమ్మానికి మెట్లు నాలుగు.

"ఏమేవ్, నన్నొక్కసారి వీధిలోకి తీసుకెళ్ళవే. ఆ కూరగాయలవాడితో తగువు పెట్టుకుని ఎన్నాళ్ళయిందో. నోరు తుప్పు పట్టిపోతోంది," అని రోజూ అడిగేది.

మేస్త్రీ వచ్చి కొలిచాడు. గోడ వెంబడి వాలుగా ర్యాంపు వేస్తే గుమ్మానికి సరిగ్గా అందుతుందన్నాడు. రెండు రోజుల పని. కాకపోతే ఆ ర్యాంపు పడేది ప్రజల మూడడుగుల మీద.

అంచేత అక్క ఆ నేల కొనుక్కుంటానని దరఖాస్తు పెట్టింది. 'స్థలం దేనికి' అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో 'మా అత్తగారిని ఇంట్లోంచి బయటికి తీసుకురావడానికి' అని రాసింది. (ఈ మాట గుర్తుపెట్టుకోండి. మున్సిపాలిటీ గుర్తుపెట్టుకుంది.)

మున్సిపాలిటీలో స్థలాలు తీసుకోడానికో విభాగం, కాపాడడానికో విభాగం, అమ్మడానికో విభాగం ఉన్నాయి. మూడింటికీ మూడు బల్లలు, మూడు కుర్చీలు, ఒక ఫ్యాను. సిబ్బంది కొరత వల్ల గుమాస్తా కూడా ఒక్కడే.

"సార్, మా ఇంటి ముందు మూడడుగులు మాకు అమ్మేస్తారేమోనని..." అంది అక్క.

"అమ్మకం ఆ చివరి కుర్చీ అమ్మా. ఇది సేకరణ."

"ఆ కుర్చీలో ఎవరుంటారండీ?"

"నేనే." గుమాస్తా లేచాడు, కళ్ళజోడు తుడుచుకున్నాడు, చివరి కుర్చీలో కూర్చున్నాడు. అక్కనీ, తోడు వెళ్ళిన నన్నూ ఎగాదిగా చూశాడు. "చెప్పండమ్మా, ఏ పని మీద వచ్చారు?"

అక్క మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఆ స్థలం నిజంగా మున్సిపాలిటీదేనని సేకరణ విభాగం ధ్రువీకరించాలన్నాడు. అక్కడే ఉత్తరం రాసి, ముద్ర కొట్టి, నడుచుకుంటూ మొదటి కుర్చీకి వెళ్ళి, అందుకుని, చదివి, మొహం చిట్లించాడు. "అమ్మకంవాళ్ళకి అన్నీ అర్జెంటే! పదిహేను రోజులు పడుతుందని చెప్పండమ్మా వాళ్ళకి."

"పక్క కుర్చీయే కదండీ!"

"పక్కనే ఉన్నాం కదాని చనువు తీసుకోకూడదమ్మా."

పదిహేను రోజులకీ జవాబు రాకపోయేసరికి చివరి కుర్చీ మొదటి కుర్చీకి మెమో ఇచ్చింది. మొదటి కుర్చీ చాలా నొచ్చుకుంది. ఆ రోజు గుమాస్తా మధ్యాహ్నం అన్నం కూడా సరిగ్గా తినలేదని అటెండరు మాతో చెప్పి బాధపడ్డాడు. ఎట్టకేలకు ఇద్దరూ రాజీపడి ఫైలును నడిమి కుర్చీకి పంపారు. నడిమి కుర్చీ నిబంధన చదివి వినిపించింది: ప్రజలకి అవసరం లేని స్థలాన్నే అమ్మాలి. అవసరం లేదని తేలాలంటే అరవై రోజులపాటు ఆ నేల మీద ఎవరూ కాలు పెట్టకూడదు.

"అది మా గుమ్మం ముందండీ! మేం ఇంట్లోకెలా వెళ్ళాలి?"

"అది గృహనిర్మాణ శాఖ పరిధి అమ్మా."

ఆ అరవై రోజులూ అక్కాబావలు వెనక ప్రహరీకి నిచ్చెన వేసుకుని, పక్కింటి స్నానాలగది పక్కనుంచి రాకపోకలు సాగించారు. బావ బస్సు కండక్టరు. గోడ దిగిన ప్రతిసారీ అలవాటు కొద్దీ "రైట్, రైట్" అనేవాడు. అక్క దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు రోడ్డు మీదే నిలబడి, తమ కొలతలు తామే తీసుకుని కిటికీలోకి కేక వేయాల్సి వచ్చింది.

"నడుము ముప్పై!" అని రోడ్డు మీంచి ఒకావిడ.

"కాదు, ముప్పై ఆరు రాసుకో," అని ఆవిడ చెల్లెలు.

కిటికీ పక్కనున్న అత్తగారికి ఇన్ని నెలల తరవాత కాస్త కాలక్షేపం దొరికింది. "దాని మాటా నమ్మకే, చూస్తే తెలియట్లా? ముప్పై ఎనిమిదికి కత్తిరించు!" అని తీర్పు చెప్పేది. వీధి వీధంతా విరగబడి నవ్వేది. చెప్పొద్దూ, నేను ఆఫీసు మాని మరీ విన్న రోజులున్నాయి.

ఎవరూ కాలు పెట్టడం లేదని చూడడానికి నడిమి కుర్చీ ఒక పరిశీలకుణ్ణి నియమించింది. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ పెద్దమనిషి. చేతిలో రిజిస్టరు, అందులో మూడు గడులు: ఎవరు, ఎప్పుడు, ఏ దిశగా. మొదటి రోజు 'పిల్లి, తొమ్మిదింబావు, లోపలికి' అని రాశాడు. పిల్లి తిరిగి రాలేదని సాయంత్రం దాకా ఆందోళన పడ్డాడు. అతను మాత్రం ఆ మూడడుగుల మీదే నిలబడేవాడు. రోడ్డు మీద నిలబడడానికి అతనికి ఉత్తర్వు లేదు.

మూడో రోజు అత్తగారు చూడలేకపోయింది. "ఆ వయసువాణ్ణి ఎండలో నిలబెట్టి మనం ఫ్యాను కింద కూర్చుంటే పాపం చుట్టుకోదుటే? కుర్చీ వెయ్యి."

"అత్తయ్యా, అక్కడ ఏమీ పెట్టకూడదుట."

"మనిషికి కుర్చీ వెయ్యడానికి కూడా ఉత్తర్వు కావాలా? వెయ్యి చెప్తాను!"

పిలిచి పీట వెయ్యడమంటే ఇదే. అక్క కిటికీలోంచి కుర్చీ దింపింది. మర్నాడు రిజిస్టరు పెట్టుకోడానికి స్టూలు, ఆ మర్నాడు నీడకి పాత దుప్పటి, పూటపూటా టీ. పరిశీలకుడి కళ్ళు చెమ్మగిల్లాయి.

కుర్చీ, రిజిస్టరు, మనిషి. ఈ మూడూ ఒకచోట కనబడితే మన జనం ఏమీ అడక్కుండా వరసలో నిలబడతారు. పదో రోజుకి కుళాయిలో నీళ్ళు రావడంలేదని ఒకరు, పేరు తప్పు పడిందని ఒకరు వచ్చారు. ఇరవయ్యో రోజుకి వరస మా గుమ్మం దాకా వచ్చింది. పరిశీలకుడు కాదనలేని మనిషి, అందరివీ రాసుకున్నాడు. చిత్రమేమిటంటే కొన్ని పనులు అయ్యాయి కూడా.

అరవయ్యో రోజున నివేదిక ఇచ్చాడు: 'ఈ స్థలంలో యాభై ఎనిమిది రోజులుగా ఒక ప్రభుత్వోద్యోగి కుర్చీలో కూర్చుని ప్రజలకు సేవలందిస్తున్నాడు. కావున స్థలం ప్రజలకు అత్యవసరం.'

"అయ్యో, ఆ కుర్చీ మాదే కదండీ!" అంది అక్క.

"అదీ రాశానమ్మా, దాతలు అని. నేను అబద్ధం రాయలేను. మీ ఉప్పు తిన్నాను," అన్నాడు పరిశీలకుడు. నాకు ఒళ్ళు మండిపోయింది, నవ్వూ ఆగలేదు. ఏకు మేకై కూర్చోవడం అని వినడమే గాని, కూర్చుంటే ఇలా ఉంటుందని అప్పుడే చూశాను.

కమిషనరు స్వయంగా వచ్చి చూశారు. మూడడుగుల్లో ఇంత పాలన జరగడం ఎక్కడా లేదని మురిసిపోయి, దాన్ని ఉపకార్యాలయంగా ప్రకటించారు. కార్యాలయం అన్నాక చక్రాల కుర్చీకి ర్యాంపు ఉండి తీరాలి. వారంలో మంజూరైంది. అదే మేస్త్రీ వచ్చాడు, అదే గోడ వెంబడి, అవే కొలతలతో ర్యాంపు వేశాడు. అది సరిగ్గా మా అక్క గుమ్మానికి అందింది.

అత్తగారు కొత్త చీర తీయించింది. కానీ ప్రారంభోత్సవం అయ్యేదాకా ఎవరూ వాడకూడదని అడ్డంగా తాడు కట్టారు. ఈలోగా ఒక చిక్కు బయటపడింది. ర్యాంపు మూడడుగులూ ఆక్రమించేసింది, పరిశీలకుడి కుర్చీకి చోటు లేదు. ర్యాంపు ఉంది, ఆఫీసు లేదు. ఇంజనీరు చాలాసేపు ఆలోచించి, ర్యాంపు ఏ గుమ్మానికి చేరుతుందో ఆ గుమ్మం వెనకే ఆఫీసు ఉండాలని తేల్చాడు.

మొదటి కుర్చీ హుషారుగా లేచింది. ముప్పై ఏళ్ళ కిందట భోజనానికి వెళ్ళినవాళ్ళు చెయ్యి కడుక్కుని, టేపు పట్టుకుని వచ్చేశారు. అభ్యంతరాలు వినడానికి ఒక రోజు కేటాయించారు. అక్క నలభై నిమిషాలు ఏడుస్తూ చెప్పింది. మొదటి కుర్చీ కూడా కళ్ళు తుడుచుకుని, ఇల్లు తీసుకుంది. బదులుగా ఊరి చివర మూడో అంతస్తులో ఒక వాటా ఇచ్చారు. లిఫ్టుకి స్థలం ఉంది, లిఫ్టు లేదు. ఆ స్థలం సంగతి నడిమి కుర్చీని అడగాలిట.

ఖాళీ చేసే రోజున తాడు విప్పారు. అత్తగారు కొత్త చీర కట్టుకుని, చక్రాల కుర్చీలో ర్యాంపు మీంచి దిగింది. అక్క వెనక పట్టుకుంది.

"ఎంత నున్నగా ఉందే! ఒక్క కుదుపు లేదు," అంది. కూరగాయలవాడి బండి దగ్గర ఆపించి, వంకాయలు పుచ్చులని, తూకం మోసమని మొదలుపెట్టింది. వాడు తల వంచుకుని సంచీ నింపి, డబ్బు వద్దన్నాడు.

"వీడికేం వచ్చిందే, తగువు పెట్టుకోడేం?" అంది అత్తగారు, మొహం చిన్నబుచ్చుకుని.

పరిశీలకుడు లేచి నిలబడ్డాడు. రిజిస్టరు తెరిచి, ఎవరు అన్న గడిలో 'పెద్దమ్మగారు' అనీ, దిశ అన్న గడిలో 'బయటికి' అనీ రాశాడు. నాలుగో రోజున అక్క కొత్త చిరునామాకి మూడు కుర్చీల సంతకాలతో ఉత్తరం వచ్చింది:

'తమరు దరఖాస్తులో కోరిన ప్రకారం తమ అత్తగారిని ఇంట్లోంచి బయటికి తీసుకురావడమైనది. కావున ఫైలు మూసివేయడమైనది.'